బీరువా తలుపు

“పందొమ్మిది అంగుళాలు! ఏయ్, ఇటు చూడు, కొలతలిచ్చి చేయించినట్టే ఉంది!”

ఆరిన బట్టలు మడతపెడుతున్న ఆమె తలెత్తి చూసేసరికి భర్త ఆమె బీరువాలోకి సగం దూరి ఉన్నాడు. కొలత టేపు ఈ చివర నుంచి ఆ చివరకు సాగదీసి పట్టుకున్నాడు. ఆమె బట్టలన్నీ ఒక మూలకి నెట్టి ఉన్నాయి. అతని ముఖంలో ఎన్నాళ్లుగానో వెతుకుతున్నది కాళ్ల దగ్గరే దొరికిన సంబరం. ఆమె గుండెలో మాత్రం రాయి పడింది. ఎందుకో ఇంకా తెలియదు. తెలియకముందే రాయి పడటం ఆమెకి అలవాటు.

అతను ఒక ఆఫీసులో కంప్యూటర్లు చూసే ఉద్యోగి. ఆఫీసువాళ్లు పాత సర్వర్లు తీసేస్తుంటే నాలుగు ఇంటికి మోయించుకొచ్చాడు. సర్వర్లంటే రాత్రీ పగలూ ఆగకుండా నడిచే పెద్ద పలక కంప్యూటర్లనీ, ఇంట్లో వాళ్ల ఫోటోలూ వీడియోలూ కాగితాలూ అన్నీ వాటిలోనే దాచుకోవచ్చనీ చెప్పాడు. “ఫోను పాడైతే పిల్ల ఫోటోలు పోతాయని ఏడుస్తుంటావుగా, ఇక నీకా బెంగే ఉండదు” అన్నాడు. అంటే ఇదంతా ఆమె కోసమేనన్నమాట. ఆనాటి నుంచి అవి హాల్లో నేలమీద ఒకదానిమీద ఒకటి పడున్నాయి. ఒక్క చుక్క వాటిలోకి వెళ్లినా ఇల్లంతా షాకు కొడుతుందేమోనని ఆమె తడిగుడ్డని చేతులు నొప్పెట్టేలా పిండి, వాటి చుట్టూ ఊపిరి బిగబట్టి తుడిచేది.

వాటిని పేర్చడానికి సరిగ్గా పందొమ్మిది అంగుళాల వెడల్పున్న ర్యాకు కావాలి. కొత్తదాని ధర చూసి అతను ఈల వేసి ఊరుకున్నాడు. మూతపడ్డ ఆఫీసు నుంచి పాతదొకటి తెప్పిస్తే మెట్ల మలుపులో ఇరుక్కుని, వచ్చిన వ్యానులోనే వెనక్కి వెళ్లిపోయింది. చెక్కలతో తనే ఒకటి కొట్టాడు. అది భోజనాల వేళ కిర్రుమని ఒరిగింది. కూతురు అప్పుడే అక్కణ్ణుంచి లేచింది కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆ పిల్ల కాలు ఏమయ్యేదో అని ఆమె ఆ పూట ముద్ద మింగలేకపోయింది. “మధ్యాహ్నం ఖాళీయే కదా, నువ్వూ కాస్త తిరిగి చూడరాదూ” అన్నాడు. ఖాళీ! ఆమె టేపు సంచిలో వేసుకుని ఇనుప సామాన్ల కొట్లన్నీ తిరిగింది. ఒకడు చెప్పుల స్టాండు చూపించాడు. ఇంకొకడు “దేనికోసమో ఏమో, ఇంట్లో మగవాళ్లని పంపమ్మా, మాట్లాడతాం” అన్నాడు. ఉత్త చేతులతో తిరిగొచ్చి వంటింట్లోకి వెళ్తే, “ఒక్క పనైనా పూర్తిచేసుకురావు కదా” అని నవ్వాడు. అతనెప్పుడూ కోప్పడడు. నవ్వుతాడు. కోప్పడితే ఎవరికైనా చెప్పుకోవచ్చు, నవ్వినందుకు ఏమని చెప్పుకుంటుంది?

ఇంట్లో ఆమె పేరు సైరన్. గ్యాసు కట్టానా లేదా అని వీధి చివర నుంచి వెనక్కి రావడం, కూతురు కాలేజీ నుంచి రావడం కాస్త ఆలస్యమైతే ఆసుపత్రులన్నీ మనసులోనే తిరిగి రావడం, ఫ్యాను కొత్తగా చప్పుడు చేస్తే పిల్లని దాని కింద పడుకోనివ్వకపోవడం... ఆ పేరు పెట్టింది అత్తగారు. ఆవిడ పోయినా పేరు పోలేదు. “సైరన్ మోగుతోందర్రా” అని ఆవిడ అంటే ఇంటిల్లిపాదీ నవ్వేవారు, ఆమె కూడా నవ్వేది. నవ్వకపోతే ఇంకో మాట పడుతుందని.

ఇక ఆ బీరువా సంగతి. పెళ్లికి ముందు ఆమె రెడీమేడ్ బట్టల కంపెనీలో గుండీలు కుట్టేది. పై చదువు ఎటూ లేదు, వేళ్లు మాత్రం చురుకు. ఆ జీతంలోంచి తనకు తాను కొనుక్కున్న ఒకే ఒక వస్తువు అది. బిడ్డ పుట్టాక, ఎవరి చేతుల్లో పెట్టి వెళ్తే ఏమవుతుందోనన్న భయంతో ఆ పని మానేసింది. బీరువా మిగిలింది. అయితే అందులో ఆమె దాచుకున్న గొప్ప వస్తువులేం లేవు. బట్టలు, కూతురి మొదటి గౌను, ఎప్పుడో కుడదామనుకుని కుట్టని గుడ్డముక్కలు. అసలు దాచుకున్నది బీరువాలో కాదు, దాని తలుపు వెనక. కుడి తలుపు బార్లా తీస్తే అది పక్క గోడకి ఎదురుగా నిలిచి, గోడకీ తలుపుకీ మధ్య ఒక మనిషి పట్టేంత మూల ఏర్పడేది. ఆ ఇంట్లో ఎవరి కంటా పడని చోటు అదొక్కటే. స్నానాలగదికి వెళ్తే తలుపు కొట్టేవారు. వంటిల్లు సంత. అత్తగారి మాట గుచ్చుకున్నప్పుడు, భర్త నలుగురిలో నవ్వినప్పుడు, లేదా ఊరికే ఒళ్లు అలిసినప్పుడు ఆమె వచ్చి తలుపు తీసి, ఏదో వెతుకుతున్నట్టు దాని చాటున నిలబడేది. కళ్లు తుడుచుకునేది. కొన్నిసార్లు ఏమీ చేసేది కాదు, ఊపిరి పీల్చుకునేది, అంతే. “బీరువాలో అంతసేపు ఏం వెతుకుతావే, పోయిన నీ బుర్రా?” అని అత్తగారు హాల్లోంచి అరిచేవారు. “వస్తున్నానత్తయ్యా” అని తలుపు వేసేది.

“అరలు తీసేసి, లోపల చిల్లుల పట్టీలు నిలువునా బిగిస్తే అచ్చం ర్యాకే. ఖర్చంతా వెల్డింగు కూలీతో సరి” అన్నాడు భర్త, టేపు చుట్టేస్తూ.

“మరి నా బట్టలు?”

“ఎన్నున్నాయని? రెండు అట్టపెట్టెల్లో పట్టేస్తాయి. మంచం కింద తోసెయ్.”

“పోనీ... తలుపులు ఉంచెయ్యండి.”

“తలుపులుంటే వాటికి గాలెలా ఆడుతుంది? వేడెక్కి చస్తాయి. తలుపులెందుకు నీకు?”

తలుపు ఎందుకు అని ఎవరైనా అడిగితే ఏం చెప్తారు? వెనక నిలబడటానికి అని చెప్పొచ్చా? చెప్తే, ఎందుకు నిలబడాలి అంటారు. అదీ చెప్తే, ఇంట్లో నీకేం తక్కువైంది అంటారు. “నిప్పురవ్వలు పడతాయేమో, కర్టెన్లు అంటుకుంటే...” అంది చివరికి. భయమైతే అందరికీ అర్థమయ్యే భాష.

“మోగింది!” అని అతను నవ్వాడు.

ఆదివారం వెల్డింగు అతను వచ్చి బీరువా వెనక రేకు కోశాడు. ఆమె కర్టెన్లు విప్పేసి, బకెట్టుతో నీళ్లూ, తడిపిన గోనెసంచీ దగ్గర పెట్టుకుంది. “ఫైరింజనుకి కూడా ఫోన్ చేశావా?” అన్నాడు భర్త. తర్వాత “లోపల చీకటిగా ఉంది, టార్చి పట్టు” అన్నాడు. ఆమె పట్టింది. వెలుగు కాస్త పక్కకి జరిగితే, “సరిగ్గా పట్టు, ఆ మాత్రం కూడా చేతకాదా” అన్నాడు. బందుల మేకులు ఒక్కొక్కటే ఊడుతుంటే ఆ వెలుగు వాటిమీదే పడేట్టు పట్టుకుని నిలబడింది. కుడి తలుపు ఊడి వచ్చి గోడకి ఆనింది. జీవితమంతా ఆమె భయపడినవి చాలా ఉన్నాయి. అగ్గి, దొంగలు, వరద, తెగిపడే కరెంటు తీగ. వాటిలో ఏదీ రాలేదు. పోయేది మాత్రం పట్టపగలు, నవ్వుతూ, ఆమె చేతే టార్చి పట్టించుకుని పోయింది. తర్వాత ఇనుప రజను ఊడ్చింది కూడా ఆమే. ఒక ముక్క మడమలో దిగి నాలుగు రోజులు సలిపింది.

సర్వర్లు వరసగా లోపల కూర్చున్నాయి. ఆకుపచ్చ లైట్లు మిణుకుమిణుకుమన్నాయి. అతను వీడియో కాల్లో చెల్లెలికి చూపించాడు. “మా అన్నయ్య బుర్రే బుర్ర! ఏం వదినా, నీ పాత డబ్బాకి ఇన్నాళ్లకి యోగం పట్టింది” అంది ఆడపడుచు. ఆమె నవ్వింది.

వారం తిరక్కుండా అతని ఆఫీసు స్నేహితులు ఇద్దరు ర్యాకు చూడ్డానికి వచ్చారు. ఎక్కడ దొరికింది, ఎంతయింది అని ఒకటే మెచ్చుకోలు. టీ కప్పులు పెడుతూ ఆమె, “అది నా బీరువాయేనండీ, నేను కొనుక్కున్నది” అంది. అలా ఎందుకు అనేసిందో ఆమెకే తెలియదు. భర్త గట్టిగా నవ్వి, “అవునవును, గుండీలు కుట్టి కొనింది. చాలా పెద్ద ఆస్తి, నా పేర రాయించుకున్నాను” అన్నాడు. వాళ్లూ నవ్వారు. ఆమె ఖాళీ ట్రేతో లోపలికి వచ్చేసింది. కాళ్లు వాటంతటవే బీరువా దగ్గరికి నడిచాయి. పిడి కోసం చెయ్యి చాచింది. చెయ్యి గాలిలో ఆగిపోయింది. ఎదురుగా లైట్లు. వేడి గాలి ముఖానికి కొడుతోంది. ఎక్కడ నిలబడాలో తెలియక, ఆ గది మధ్యలో, సంతలో తప్పిపోయిన మనిషిలా నిలబడింది.

కూతురు వచ్చి చేతిలో ట్రే అందుకుంది. డిగ్రీ చదువుతున్న పిల్ల, తల్లికంటే బెత్తెడు పొడుగు.

“తలుపు లేదు కదమ్మా ఇప్పుడు” అంది మెల్లగా.

ఆమె గతుక్కుమంది. “ఏ తలుపు?”

“నీ తలుపు. కింద సందులోంచి నీ కాళ్లు కనిపించేవి. నానమ్మ నన్ను పంపేది, మీ అమ్మ ఎక్కడ చచ్చిందో చూడవే అని. నేను వచ్చి, నీ కాళ్లు చూసి, చప్పుడు చెయ్యకుండా వెనక్కి వెళ్లి, అమ్మ స్నానం చేస్తోంది నానమ్మా అనేదాన్ని.”

“ఎప్పుడు?”

“ఎప్పుడూనూ. అఆలు దిద్దేటప్పటి నుంచి.”

ఆమె మంచం అంచున కూలబడింది. ఇన్నేళ్లూ ఈ పిల్లకి జ్వరం రాకుండా, దెబ్బ తగలకుండా, వీధి కుక్క కరవకుండా కాచుకున్నాననుకుంది. తలుపుకి అవతల ఈ పిల్ల తనకి కాపలా కాసింది. పలక పట్టుకునే చేతులతో, తల్లి ఏడుపుకి అబద్ధం అడ్డుపెట్టింది. పైగా ఏం నేర్చుకుంది? ఆడదానికి ఏడవాలంటే తలుపు చాటుండాలనీ, అడిగితే స్నానమని చెప్పాలనీ. రేపు ఇది ఏ ఇంట్లో, ఏ తలుపు వెనక నిలబడుతుంది? దీని కాళ్లు ఎవరు చూస్తారు? ఆమె పడిన భయాలన్నిటిలోకీ ఇంత పెద్ద భయం ఇంతకు ముందు ఎన్నడూ పడలేదు.

మర్నాడు, భర్త ఆఫీసుకి వెళ్లాక, వెల్డింగు అతను బీరువా తలుపుల కోసం వచ్చాడు. “సారు పాత ఇనుము కింద పట్టుకుపొమ్మన్నారమ్మా.”

“ఒకటి పట్టుకెళ్లు. ఈ కుడిది ఇక్కడ బిగించు” అని వెనక వసారాలో మూల చూపించింది.

అతను గోడని తట్టి చూశాడు. “ఇక్కడ గది లేదు కదమ్మా. ఉత్త గోడకి తలుపేంటి?”

“తెలుసు. బిగించు.”

పనివాడికి ఆ ఇంట్లో ఆమె పని చెప్పడం అదే మొదలు. అయినా మాట వెనక్కి తీసుకోలేదు.

“కింద సందు ఎంత వదలమంటారు?”

ఆమె ఆలోచించింది. “వద్దు. తీస్తే నేల రాసుకోకుండా ఉంటే చాలు. కింద నుంచి ఏమీ కనపడకూడదు.”

సాయంత్రం భర్త వచ్చి తలుపు తీసి చూశాడు, వేసి చూశాడు. “వెనక గోడేగా ఉంది! ఇదేం పిచ్చి మీ అమ్మకి?” అని కూతురితో నవ్వి, బూట్లు విప్పుకుని తన ర్యాకు దగ్గరికి వెళ్లిపోయాడు.

ఆమె వసారాలోకి వెళ్లి, తలుపు తీసి, దాని వెనక నిలబడింది. ఇనుము చల్లగా ఉంది. పాత నాఫ్తలీను ఉండల వాసన ఇంకా వదల్లేదు. కళ్లు వాటంతటవే కారాయి, కారనిచ్చింది. అంతలో గదిలోంచి కేక. “ఏయ్! ఎక్కడున్నావ్? ఇక్కడ ఎర్ర లైటు వెలుగుతోంది, వెనక వైరేదో వేడెక్కినట్టుంది. టార్చి పట్టుకో, రా!”

ఎర్ర లైటు. వేడి. వైరు. అంటుకుంటుందేమో, అతను వైరు మీద చెయ్యి వేస్తాడేమో. “వస్తున్నా” అన్న మాట గొంతు దాకా వచ్చేసింది. మెయిన్ స్విచ్చి ఎక్కడుందో అతనికి తెలుసు. టార్చి అతని బల్లమీదే ఉంది.

హాల్లోంచి కూతురి గొంతు, చిన్నప్పటి అదే గొంతు, అలవాటుగా లేచింది. “నాన్నా, అమ్మ స్నానం చే...”

“అబద్ధం చెప్పకమ్మా” అంది ఆమె తలుపు వెనక నుంచి. తర్వాత, గదిలోని ఫ్యాన్ల చప్పుడు దాటి వినపడేలా, ఇంకాస్త గట్టిగా అంది.

“స్నానం కాదండీ. వసారాలోనే ఉన్నాను, తలుపు వెనక. ఏడుస్తున్నాను. ఇప్పుడు రాను.”