కాకి మోకు

మైలీ తీరానికి ఎదురుగా కార్తేజ్ ఓడలు కనిపించేసరికి మా ఓడలో సగం మంది వాంతులు చేసుకుంటున్నారు. మిగతా సగం వాళ్లను చూసి నవ్వుతున్నారు. నేను రెండూ చేస్తున్నాను.

"పొద్దున తాగిన జావ నాకు మళ్లీ చూపించకు బావా," అన్నాడు ఓపిటర్. మా చెల్లెలి మొగుడు.

మా ఇద్దరిదీ ఒకటే పని. ఓడ ముందుభాగంలో స్తంభానికి నిలువుగా కట్టిన చెక్క వంతెన మోకు పట్టుకుని ఉండాలి. ఓడ నడిపే తండేలు వొలెరో చెప్పగానే వదలాలి. వంతెన శత్రువు ఓడ మీద పడి, దాని కొసనున్న ఇనప ముక్కు చెక్కలో దిగబడుతుంది. దాని మీదుగా మా సైనికులు పరిగెత్తుతారు. మేం దాన్ని కాకి అంటాం. ముక్కు ఒకసారి దిగిందంటే మళ్లీ ఊడదు.

రెండు నెలల కిందట లిపారా రేవులో మా ఓడలు కొన్ని పట్టుబడ్డాయి. వాటిలో ఒకదానిలో నా తమ్ముడు స్పూరియస్ ఉన్నాడు. దొరికినవాళ్లను కార్తేజ్ వాళ్లు తమ తెడ్లకే కట్టేశారని విన్నాం. అంటే ఈరోజు మేం ముంచే ఓడలో వాడే ఉండొచ్చు.

కార్తేజ్ వాళ్లు వరస కూడా కట్టకుండా మీదికొచ్చారు.

"ఏంట్రా ఆ చెక్క? బట్టలారేసుకోడానికా?" వచ్చీరాని మా భాషలో ఒకడు అరిచాడు. మరుక్షణం మా పక్క ఓడ కాకి వాడి ముందే దిగింది. మావాళ్లు ఈలలేశారు. వాంతులు కూడా ఆగిపోయాయి.

అప్పుడు వినిపించింది. ధప్... ధప్... ధప్. మాకు అడ్డంగా వస్తున్న చిన్న ఓడ కడుపులోంచి.

మాకు తెడ్డు నేర్పింది నీళ్లలో కాదు. ఓడలు ఇంకా కడుతుండగానే ఇసుకలో బల్లలు వేసి కూర్చోబెట్టారు. లయ తప్పకుండా అందరం కుడి మడమతో నేలను తన్నేవాళ్లం. సముద్రంలోకొచ్చినా ఆ తన్నుడు పోలేదు. కార్తేజ్ వాడెవడూ అలా తన్నడు.

"కాకి ఆ వెనకొచ్చే పెద్ద ఓడకి!" తండేలు అరిచాడు. "ఈ చిన్నదాన్ని మన ఓడ ముందున్న కంచు కొమ్ముతో పొడిచి ముంచెయ్యండి!"

"అయ్యా, అందులో మనవాళ్లున్నారు!" అని అరిచాను.

"నీకెలా తెలుసురా?"

"మడమలయ్యా! మడమలు!"

"వీడికి సముద్రం తలకెక్కింది. తెడ్లెయ్యండ్రా!"

నేను ఓపిటర్ వైపు చూశాను.

"మాట మీరితే కర్రలతో కొట్టి చంపుతారు బావా," అన్నాడు వాడు.

"తెలుసు."

"నిన్నొక్కడినేనా, నన్ను కూడానా?"

"ఇద్దర్నీ."

"అయితే ఇద్దరం కలిసే వదులుదాం."

వదిలేశాం. కాకి ధడాలున చిన్న ఓడ మీద వాలింది. రెండు ఓడలూ గిర్రున తిరిగి పక్కకు పక్క ఒరుసుకున్నాయి. మా కొమ్ము ఉత్త నీళ్లను పొడిచింది. సైనికులు వంతెన మీద పరిగెత్తారు. వాళ్ల కాళ్ల సందుల్లోంచి నేనూ దూరాను.

పైన పోరు ముగిసేలోపే నేను తెడ్లవాళ్ల అడుగు వరసకు దిగి, చీకట్లో దొరికిన తలనల్లా పట్టుకుని, "స్పూరియస్! ఒరే స్పూరియస్!" అని అరుస్తున్నాను.

"నా కాలు తొక్కుతూ నన్నే పిలుస్తావేంటన్నా!"

వాడి కట్లు తెంచాను. ఇద్దరం ఏడుస్తూ, నవ్వుతూ ఒకరి వీపు మీద ఒకరం బాదుకున్నాం.

మెట్ల మీద తండేలు నిలబడ్డాడు. కత్తి ఇంకా చేతిలోనే ఉంది. "మోకు వదిలింది ఎవడు?"

"కాకికే ఆకలేసిందయ్యా," అన్నాడు వెనకనుంచి ఓపిటర్.

కట్లు విప్పుకుంటున్న మావాళ్ల వైపు తండేలు చూశాడు. నూరుమందికి తక్కువ లేరు. అందరూ ఆయనకే జై కొడుతున్నారు. ఆయన కత్తి ఒరలో పెట్టాడు.

"కాకిని కొట్టి చంపలేను కదా," అన్నాడు. "ఈ ఓడని రేవుదాకా వీళ్లతోపాటు మీరిద్దరూ తెడ్డేసి చేర్చండి. అడుగు వరసలో. అదే శిక్ష."

"శిక్ష అన్నకా నాకా అయ్యా?" అన్నాడు స్పూరియస్. "జావ కంపు కొడుతున్నాడు!"

"జరుగు," అని వాడి పక్కన కూర్చున్నాను.