వెదురు చివర గ్లాసు

చివరి పిల్ల వీపుకు ఆవనూనె పట్టించి, తరులత దాన్ని భాగీరథిలోకి ఒక్క తోపు తోసింది.

“కాళ్లు కొట్టవే! నీళ్లను బతిమాలుతున్నావా ఏంటి?”

అరవై దాటినా ఆ భుజాల వెడల్పు తగ్గలేదు. జాకెట్టు కుట్టే దర్జీ ఇప్పటికీ విసుక్కుంటాడు. బహరంపూర్ రేవులో పిల్లలకు ఈత నేర్పడం ఆమె పని. ఒకప్పుడు ఇదే నదిలో తెల్లవారుజామున దూకి పొద్దువాలేదాకా సాగే పందేల్లో ఈదిన మనిషని ఆ పిల్లల్లో సగం మందికి తెలియదు. చెప్పుకునే అలవాటు ఆమెకూ లేదు.

ఆ పందేల్లో పక్కనే పడవ వస్తుంది. దాన్ని గానీ, అందులోని మనిషిని గానీ ముట్టుకుంటే పందెం పోయినట్టే. అందుకని ఆమె ‘దాదా’ అని పిలిచే అన్న సుబల్ పొడుగాటి వెదురుకర్ర చివర రేకు గ్లాసు కట్టి, పడవలోంచి చాచి బార్లీ నీళ్లు అందించేవాడు. దారి పొడుగునా తిట్టేవాడు కూడా. ఆ తిట్లు వినబడకపోతే ఆమెకు చేతులాడేవి కావు.

చివరి పందెంలో ఆమే అందరికంటే ముందుంది. రేవు కనబడుతోంది. ఎండకు కళ్లు తిరిగి సుబల్ పడవ అంచు మీదికి ఒరిగిపోయాడు. తరులత చెయ్యెత్తి అతన్ని లోపలికి నెట్టింది. అంతే, పందెంలోంచి ఆమె పేరు కొట్టేశారు. ఆమె ఆ రోజే మరిచిపోయింది. అతను మాత్రం “నీ పతకం నేనే మింగేశానే” అంటూనే ముసలివాడయ్యాడు.

ఇప్పుడు మంచం పట్టాడు. నిన్నటి నుంచి పచ్చి మంచినీళ్లు ముట్టలేదు, మాట్లాడలేదు. ఇక ఎంతోసేపు ఉండడని డాక్టరు చెప్పాడు. ఒక్క గుక్క తాగకుండా, తనను ఒక్క తిట్టు తిట్టకుండా వెళ్లిపోతాడేమోనని ఆమె బెంగ.

మధ్యాహ్నం ఇంటికొచ్చి చెంచాతో బార్లీ పట్టబోతే మూతి తిప్పుకున్నాడు. తరులత లేచి, అటక మీది వెదురుకర్ర దించి, చివర గ్లాసు కట్టి, గుమ్మంలో నిలబడి మంచం దాకా చాచింది.

“ఏయ్ సుబలా! నది మధ్యలో నిద్రేంటి? చెయ్యి ఆడించు!”

అది అతని తిట్టే. సుబల్ కళ్లు తెరిచాడు. బోసినోరు మెల్లగా నవ్వింది. గ్లాసు అందుకుని రెండు గుక్కలు తాగాడు.

“చక్కెర తక్కువైందే, పిసినారీ.”

“నువ్వు పోసినప్పుడు మాత్రం ఎక్కువేసి ఏడిశావా?”

“దగ్గరికి రాకు. ముట్టుకుంటే నా పేరూ కొట్టేస్తారు.”

“రాను దాదా. ఈదు.”

ఎండ కిటికీ దిగేదాకా ఆ గ్లాసు అలా వెళ్తూ వస్తూనే ఉంది.

“రేవు వచ్చిందా తరూ?”

“వచ్చింది దాదా. నువ్వే ముందు.”

“అయితే ఇంక ముట్టుకోవచ్చు కదే.”

ఆమె వచ్చి మంచం మీద కూర్చుని అతని చేతిని రెండు చేతుల్లోకి తీసుకుంది. ఆ చెయ్యి ఎప్పుడు చల్లబడిందో ఆమెకు తెలియలేదు.

గడప మీద అడ్డంగా వదిలేసిన వెదురు చివర, గ్లాసులో ఇంకో గుక్క బార్లీ మిగిలి ఉంది.