పెన్సిలంత ధార

మా ఆయన శ్యామ్‌సుందర్ పైపుల ఇంజనీరు. ఇండియానాలో ఒహాయో నది ఒడ్డున కడుతున్న పవర్ ప్లాంటులో ఏ పైపు ఎంత వేడికి ఎంత సాగుతుందో, ఎక్కడ పగిలే ప్రమాదం ఉందో లెక్కలు కట్టడం ఆయన ఉద్యోగం. ఇంట్లో పైపులు మాత్రం నావి.

ఇల్లంటే ఇరవై ఎనిమిది అడుగుల క్యాంపర్ ట్రైలర్. కాంట్రాక్టు ఉద్యోగం కాబట్టి ఏడాదికో సైటు. అపార్ట్‌మెంటు తీసుకుంటే లీజు పూర్తయ్యేలోపే ఊరు మారాలి. అందుకని ఇంటిని బండి వెనక తగిలించుకుని తిరగడమే తెలివైన పని అని 1980లో ఆయనే తేల్చారు. వేసవిలో బాగానే ఉంది. మరుసటి ఏడాది నవంబరు దాటాక తెలిసింది, ఆ డబ్బాని ఎండాకాలం షికార్లకి తయారు చేశారని, చలికాలం కాపురాలకి కాదని.

పైపుల సంగతి నాకు నేర్పింది పక్క ట్రైలర్లో ఉండే వెల్డర్ భార్య వాండా. బయటి నల్లా నుంచి వచ్చే గొట్టానికి కరెంటుతో వేడెక్కే టేపు చుట్టాలి, దాని మీద ఫోము తొడగాలి. ట్రైలర్ కిందికి గాలి దూరకుండా చుట్టూ గడ్డిమోపులు పేర్చాలి. పడుకునే ముందు సింకు కింద అర తలుపులు తెరిచి, లోపల అరవై వాట్ల బల్బు వెలిగించి పెట్టాలి. ఆఖరున కుళాయి కాస్త తిప్పి వదిలెయ్యాలి. చుక్కలుగా కాదు, పెన్సిలంత లావున ధార పడాలని వాండా నా చేత రెండుసార్లు తిప్పించి చూసింది. పారే నీరు అంత తొందరగా గడ్డకట్టదట.

గుంటూరులో రోజుకి గంటసేపు వచ్చే మునిసిపాలిటీ నీళ్ళ కోసం బిందెలు వరసలో పెట్టుకుని పెరిగినదాన్ని. తెల్లవార్లూ కుళాయి వదిలేసి పడుకోవడానికి మొదట్లో ప్రాణం ఒప్పలేదు. తరవాత అలవాటైంది. ఆ చప్పుడు వినిపిస్తుంటేనే నిద్రపట్టేది. డిసెంబరంతా చుట్టుపక్కల ట్రైలర్లలో ఎవరో ఒకరి నీళ్ళు గడ్డకడుతూనే ఉన్నాయి, మావి ఒక్కసారి కూడా కట్టలేదు. మా ఆయన ఈ సంగతి ఆఫీసులో గొప్పగా చెప్పుకునేవారట, "మా ట్రైలర్ సిస్టమ్" అని. ఆ సిస్టమ్‌లో బల్బు స్విచ్చి ఎక్కడుందో కూడా ఆయనకి అప్పటికి తెలీదు.

ఆ జనవరిలో, పుష్య బహుళ సప్తమికి, మా నాన్న పోయి ఏడాది. ఆయనకి కొడుకులు లేరు, నేనొక్కదాన్నే. పోయినప్పుడు నేను వెళ్ళలేదు. గ్రీన్‌కార్డు కాగితాలు ఇమిగ్రేషన్ వాళ్ళ దగ్గర ఉన్నాయి, ఇప్పుడు దేశం దాటితే మళ్ళీ రావడం కష్టమన్నారు. మా పెదనాన్న కొడుకు రవికుమార్ కర్మ చేశాడు, కొన్ని మాసికాలు పెట్టాడు, ఆ తరవాత ఉద్యోగం దొరికి మస్కట్ వెళ్ళిపోయాడు. సంవత్సరికానికి ఇక అల్లుడే దిక్కు.

నవంబరులోనే మా ఆయన్ని అడిగాను. "తప్పకుండా, వసూ. అది కూడా అడగాలా?" అన్నారు. ఆ మాటకి ఆ రోజు ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టాలనిపించింది.

లూయివిల్‌లో దామోదర్ గారని ఒక కెమిస్ట్రీ ప్రొఫెసరు ఉన్నారు. వారమంతా కాలేజీలో పాఠాలు, శని ఆదివారాలు పౌరోహిత్యం. అల్లుడు పెట్టవచ్చా అని ఫోన్‌లో అడిగితే, "కొడుకు లేనప్పుడు అల్లుడు పెట్టొచ్చమ్మా, నిక్షేపంగా" అన్నారు. వంటకి తన భార్య జయంతి గారిని వెంటబెట్టుకుని వస్తానన్నారు. తిథి శనివారం పడింది, ఆయనకి సెలవు కూడాను. చూడలేకపోయాను, చివరి నీళ్ళు పొయ్యలేకపోయాను, కనీసం ఈ ఒక్కటీ మా నాన్నకి జరగాలి అని ఆ రెండు నెలలూ నాకు వేరే ధ్యాస లేదు.

ఇంకా రెండు రోజులుందనగా, గురువారం నేను బయట చేరాను.

మామూలుగా మా ట్రైలర్లో ఇలాంటి పట్టింపులేవీ లేవు. ఆ రోజుల్లో కూడా నేనే వండేదాన్ని, ఆయన తినేవారు. కానీ నాన్న విషయం వచ్చేసరికి నాకు పిరికితనం పట్టుకుంది. జయంతి గారికి ఫోన్ చేస్తే, "నువ్వేం కంగారుపడకు. వంటంతా నేను చూసుకుంటాను. నువ్వు వెనక పడకలో కూర్చో, ఏదీ ముట్టుకోకు, అంతే" అన్నారు. నేనే కర్టెన్ అడ్డంగా లాగి వెనక చేరాను. వంటింటి వైపు అడుగు పెట్టనని మా ఆయనతో నేనే చెప్పాను. ఎవరూ బలవంతం చెయ్యలేదు.

శుక్రవారం సాయంత్రం సున్నాకి ఇరవై డిగ్రీలు కిందికి పోతుందని రేడియోలో చెప్పారు. మా ఆయన ప్లాంటు నుంచి రాగానే కర్టెన్ వెనక నుంచి అన్నీ ఒకదాని తరవాత ఒకటి చెప్పాను.

"టేపు ప్లగ్ చూశారా? వెచ్చగా ఉందా?"

"ఉంది."

"అర తలుపులు తియ్యండి. బల్బు స్విచ్చి ఎడమ పక్కన ఉంటుంది."

"చూశాను, వసూ."

"ధార పెన్సిలంత లావుండాలి. సన్నగా పెడితే లాభం లేదు."

"నేను పైపింగ్ ఇంజనీర్ని. డోంట్ వర్రీ. నువ్వు పడుకో."

నీళ్ళ చప్పుడు వినిపించింది. అర్ఘ్యానికి, పాద్యానికి, వంటకి, అన్నిటికీ ఆ నీళ్ళే కదా అనుకుంటూ కళ్ళు మూసుకున్నాను. కాసేపటికి చప్పుడు ఆగింది.

"ఏమండీ, కుళాయి ఆగిపోయినట్టుంది."

"లేదు, పడుతోంది."

"వినపడట్లేదు."

"స్లోగా పెట్టాను. అంత ఫోర్స్ అక్కర్లేదు."

కర్టెన్ కింద నుంచి రోజూ కనిపించే బల్బు వెలుగు కూడా లేదు. లేచి కూర్చున్నాను. కాళ్ళు నేల మీద పెట్టాను. సింకు ఐదడుగుల దూరంలో ఉంది. వెళ్ళి కుళాయి తిప్పితే చాలు, క్షణం పని. కానీ నేను ముట్టుకున్న నీళ్ళు మా నాన్నకి ఎలా పనికొస్తాయి? ఆయన చెబుతున్నారుగా పడుతోందని, ఇంజనీరాయె, తెలీదా అనుకున్నాను. కాళ్ళు పైకి తీసుకుని దుప్పటి కప్పుకున్నాను. ఆ పని చేసినందుకు నన్ను నేను ఈనాటికీ తిట్టుకుంటాను.

పొద్దున్న ఆయన కుళాయి తిప్పితే గాలి కూడా రాలేదు. కర్టెన్ పక్కకి జరిపితే కనిపించింది, అర తలుపులు మూసి ఉన్నాయి. "రాత్రి గాలికి పడిపోయినట్టున్నాయి" అన్నారు మా ఆయన. కోటు వేసుకుని క్యాంపుగ్రౌండ్ ఆఫీసు దగ్గరున్న ఫోన్ బూత్‌కి వెళ్ళి పావుగంటలో తిరిగొచ్చారు.

"దామోదర్ గారికి చెప్పేశాను, రావద్దని."

"ఎందుకు? వాండాని అడిగితే రెండు బకెట్లు ఇస్తుంది. స్నానాల గదుల దగ్గర నీళ్ళు వస్తున్నాయి. అదీ కాకపోతే బయట ఇంత మంచుంది, కరిగిస్తే నీళ్ళే కదండీ!"

"మాంసం కడిగిన బకెట్లో నీళ్ళతో పిండం పెడతామా? చేస్తే పద్ధతిగా చెయ్యాలి, లేకపోతే మానెయ్యాలి."

"తిథి ఇవాళేనండీ. మళ్ళీ రాదు."

"నా చేతుల్లో ఏముంది చెప్పు, వసూ?"

హెయిర్ డ్రయర్ పట్టి ఆయన పైపుని వెచ్చబెట్టారు. మధ్యాహ్నానికి మంచు కరిగి, పగిలిన చోటు నుంచి నీళ్ళు చిమ్మి కార్పెట్ తడిసిపోయింది. ఆ పగులుని మా ఆయన అరగంటలో చక్కగా బాగుచేశారు. ఎంత పనితనమో! కుళాయిలో నీళ్ళు వచ్చేసరికి మూడైంది. అపరాహ్ణం దాటింది, దామోదర్ గారు రారు. మా నాన్నకి ఏడాది అలా గడిచిపోయింది, ఒక్క పుడిసెడు నీళ్ళు లేకుండా.

ఆ తరవాత మూడు వారాలు నేను మనిషిలో లేను. సమయానికి నేను బయట చేరకపోతే ఇలా జరిగేది కాదు కదా అని ఒకటే ఏడుపు. రోజూ అలవాటైన నా చేతులు ఆ ఒక్క రోజు దూరంగా ఉండబట్టే గదా ఆయనకి చాతకాక పొరపాటు జరిగింది! "మీకు చెప్పాల్సినట్టు చెప్పలేకపోయాను, నాదే తప్పు" అని ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. ఆయన నా తల నిమిరి, "పోనీలే, నీ తప్పేముంది" అనేవారు. ఇంత మంచి మనిషి దొరికాడని మళ్ళీ దానికో ఏడుపు.

ఫిబ్రవరిలో లూయివిల్‌లో తెలుగువాళ్ళందరం కలిశాం. తలా ఒక వంటకం తెచ్చుకుని ఒక చర్చి హాల్లో భోజనాలు. జయంతి గారు నన్ను చూసి పక్కన కూర్చోబెట్టుకున్నారు.

"పాపం, అంత ఆశపడ్డావు. పోనీ, మీవారు శుక్రవారం మధ్యాహ్నమే ఫోన్ చేసి మంచి పని చేశారు. లేకపోతే గారెలకి పప్పు నానబోసేసేదాన్ని."

"శుక్రవారమా? శనివారం పొద్దున్న కదండీ చేసింది?"

"కాదమ్మా, శుక్రవారమే. లంచ్ టైంలో. పైపు బర్స్ట్ అయింది, నీళ్ళు లేవు, రావద్దు అన్నారు. శనివారం మాకు ఫోనే రాలేదు."

శుక్రవారం లంచ్ టైంలో మా పైపు నిక్షేపంలా ఉంది. ఆ రాత్రి కూడా కుళాయిలో నీళ్ళు పడ్డ చప్పుడు నేను విన్నాను. పళ్ళెంలో అన్నం అలాగే వదిలేసి లేచాను.

కారెక్కాక, నది మీద వంతెన దాటేదాకా ఆగి అడిగాను.

"శుక్రవారం మధ్యాహ్నమే ఫోన్ చేశారట."

ఏదో అబద్ధం చెబుతారనుకున్నాను. దొరక్కో, ఓపిక లేకో, నిజమే చెప్పారు. సంవత్సరికం వారం మొదట్లో ప్లాంటు అడ్రసుకి వాళ్ళ నాన్నగారి ఉత్తరం వచ్చిందట. "నేను బతికుండగా నువ్వు పిండం చేత పడతావా, నా చావు కోరుతున్నావా" అని రాశారట.

"దామోదర్ గారు పరవాలేదన్నారు కదా."

"ఆయనకేం, అందరికీ చెప్పినట్టే చెబుతారు. అది మా నాన్న ప్రాణం, వసూ. ఏదైనా జరిగితే?"

"ఆ మాట నాతో చెప్పలేకపోయారా?"

"చెబితే నువ్వు ఊరుకుంటావా? ఏడుస్తావు."

"అందుకని కుళాయి కట్టేశారు."

"అవును."

"బల్బు ఆర్పేశారు. తలుపులు మూసేశారు. నేను లేచి రానని తెలిసే."

"పైపు పగిలితే ఎవరి తప్పూ ఉండదు కదా అనుకున్నాను" అన్నారు.

ఎవరి తప్పూ లేకపోవడమేమిటి? మూడు వారాల పాటు ఆ తప్పు నా నెత్తిన ఉంది. నేను క్షమించమని అడుగుతుంటే ఆయన క్షమిస్తూ కూర్చున్నారు. తలుపు తీసుకుని దిగిపోదామనుకున్నాను గానీ, ఆ చలిలో ఆ హైవే మీద ఎక్కడికి పోతాను?

ఆయన ఎడమచేతిని స్టీరింగ్ మీద ఉంచి, కుడిచేత్తో నా చెయ్యి పట్టుకోబోయారు.

"సారీ, వసూ. వచ్చే ఏడు తప్పకుండా పెడతాను. ప్రామిస్."

"వచ్చే ఏటికి మీ నాన్నగారు ఉండరా?" అన్నాను.

ఆయన కారు రోడ్డు పక్కకి లాగి ఆపేశారు. తల స్టీరింగ్‌కి ఆనించుకున్నారు. అంత మాట ఎందుకన్నానా అని నాకూ అనిపించింది. అయినా క్షమించమని మాత్రం అడగలేదు.