నల్లముక్కలు అరిగితేనేం

ఇలా దగ్గరికి జరిగి కూర్చోవే మనవరాలా. గట్టిగా చెప్పే ఓపిక లేదు నాకు.

ఇరవై ఏళ్లు కుట్టుమిషను తొక్కీ తొక్కీ నా మోకాళ్లు గుల్లయ్యాక మీ తాత దానికి మోటారు పెట్టించాడు. హమ్మయ్య అనుకున్నాను. ఆ మోటారులో వేలిగోరంత నల్లముక్కలు రెండుంటాయి. లోపల తిరిగే ఇరుసుకు తొడిగిన రాగి తొడుగును ఆనుకుని, దానికి కరెంటు అందిస్తాయి. అరిగినప్పుడల్లా మార్చాలి.

ఒకసారి అవి అరిగిపోయాయి. కొత్తవాటి కోసం బజారు దాకా నడిచే ఓపిక నాకు లేదు.

"బొగ్గు ముక్కలక్కా అవి, అరగక ఏం చేస్తాయి?" అంది నా తోడికోడలు. "రాగితో చేసి పెట్టేద్దాం. పదేళ్లు వాటి మొహం చూడక్కర్లేదు."

నాకూ నిజమే అనిపించింది. ఇద్దరం కూర్చుని మందపాటి రాగి తీగను అదే కొలతకు ఆకురాయితో అరగదీసి బిగించాం. మిషను కీచుమంది, నిప్పురవ్వలు కక్కింది. రెండో చొక్కా కాలరు దగ్గర ఆగిపోయింది. మళ్లీ తొక్కాలేమోనన్న తలపుకే నా మోకాళ్లు సలిపాయి.

మిషనును రిక్షాలో వేసుకుని మోటార్లు బాగుచేసే మేస్త్రి కొట్టుకు వెళ్లాం. మోటారు విప్పి చూసి అతను తల పట్టుకున్నాడు. "ఎవరిదమ్మా ఈ తెలివి?"

"నాదే. మెత్తనిది అరుగుతుంది, గట్టిది నిలుస్తుంది. తప్పేముంది?" అంది తోడికోడలు.

మేస్త్రి చెవి మీది పెన్సిలు తీసి దాని ములుకును ఆమె వేలికి రుద్దాడు. "నున్నగా జారుతోందా? ఆ ముక్కల్లో ఉన్నదీ ఇదే, కర్బనం. ఒక్కో అణువుకు నాలుగు చేతులనుకోండి. మూడింటితో పక్కవాటిని గట్టిగా పట్టుకుని పలుచని పొరగా పరుచుకుంటాయి. నాలుగోది కాస్త ఖాళీ, దాని మీదుగానే కరెంటు పోతుంది. పొర మీద పొర ఊరికే ఆనుకుని ఉంటుంది, అందుకే జారుతుంది. తను అరిగిపోతూ తొడుగును కాపాడుతుంది. మీ రాగేమో దాన్ని కొరికి పెట్టింది."

"వజ్రమూ కర్బనమేనటగా, అది పెడితేనో?" అంది తోడికోడలు.

"ఇంట్లో ఉందేమిటమ్మా?"

"ఉంటే నీ గుమ్మం ఎందుకు ఎక్కుతాం?"

మేస్త్రి నవ్వాడు. "దాంట్లో నాలుగు చేతులూ నలువైపులా బిగిసి ఉంటాయి. అద్దాన్ని కోస్తుంది కానీ, కరెంటు పోదు. ఖాళీ చెయ్యేదీ?"

"నాకూ లేదు నాయనా," అన్నాను. "ఒకటి పొయ్యి మీద, ఒకటి పిల్లల మీద, ఒకటి మిషను మీద. ముందు నా కాళ్ల సంగతి చూడు."

మేస్త్రి తొడుగును పైపైన చెక్కి నునుపు చేశాడు. కొత్త నల్లముక్కలు బిగించాడు. మోటారు తిరిగింది. "ఈసారికి బతికింది. ఇంకోసారి చెక్కడానికి రాగి మిగల్లేదు," అన్నాడు.

నేను అక్కడే బల్ల మీద కాళ్లు చాపుకుని కూలబడ్డాను.

ఇప్పుడా మిషను మీ అమ్మది. నల్లముక్కలు ఊరికే అరుగుతున్నాయని తను విసుక్కున్న రోజున ఇదంతా గుర్తుపెట్టుకుని నువ్వే చెప్పాలి. మళ్లీ చెప్పే ఓపిక నాకుంటుందో లేదో.