నాలుగింటికీ అతికే ముక్క

నెజీబా మళ్లీ ఎంటర్ నొక్కింది. ప్రోగ్రాం మళ్లీ అన్నిటినీ కొట్టేసింది. ట్యూనిస్‌లోని ఆ గదికి కిటికీ ఉంది గాని తెరుచుకోదు. బయట వీధిలో మెట్రో ట్రామ్ గంట మోగినప్పుడల్లా ఆమె అటు చూసి, మెడ వెనక చెమట తుడుచుకుని తెరవైపు తిరుగుతుంది.

ఇసుక ఈగ కుడితే లేచే పుండులోని పరాన్నజీవి కోసం చిప్ తయారవుతోంది; ఏ జన్యువు పనిలో ఉంటే దాని చుక్క వెలిగే గాజు పలక. ఆ జీవి ప్రతి జన్యువుకూ ఒక ప్రోబ్ కావాలి. అంటే ఆ ఒక్క జన్యువుకే అతుక్కుని, మరి దేనికీ అతుక్కోని చిన్న డీఎన్ఏ ముక్క. అలాంటివి ఏరడమే ఆమె ఇన్నేళ్ల బతుకు. అన్నిటికీ దొరికాయి, ఒక్క జన్యువుకు తప్ప. ఆ జన్యువుకు మరో మూడు తోబుట్టువులున్నాయి, అచ్చుగుద్దినట్టు. వాటికి చివర్న తమదంటూ కాస్త తేడా ఉంది, దీనికి అదీ లేదు. దీన్నుంచి ఏ ముక్క తీసినా నాలుగింటికీ అతుక్కుంటుంది.

శనివారం లోపు గాబెస్ ఆసుపత్రిలో చేరకపోతే అక్కడి ఉద్యోగం ఇంకొకరికి పోతుంది. కూతురు ఆ ఊళ్లోనే పెద్దమ్మ దగ్గర పెరుగుతోంది. మొన్న ఫోన్లో ఆ పిల్ల పెద్దమ్మను "అమ్మా" అని పిలవడం వినబడింది.

ఆమెను వదిలిపెడుతున్నట్టు సంతకం పెట్టవలసిన ల్యాబ్ పెద్ద బెషీర్, అక్కడి 'గారు' కలిపితే సీ బెషీర్, కాఫీ గ్లాసుతో వచ్చాడు.

"అయిందా తల్లీ?"

"ఒక్కటి మిగిలింది సీ బెషీర్. దానికి ప్రోబ్ లేదు. ఖాళీగా వదిలేద్దాం."

"ఖాళీ ఎందుకు? ఇంకోసారి వెతుకు. చిప్ నిండగానే నిన్ను పంపించేస్తా."

"పోయిన చిప్పుకీ ఇదే అన్నారు."

"నువ్వెళ్లిపోతే ఈ మిషన్ ముందు నన్ను కట్టేస్తారే," అని నవ్వాడు.

చెడ్డవాడేం కాదు. చెడ్డవాడైతే తిట్టుకోవడానికైనా వీలుండేది.

సాయంత్రం ఆమె, ఎంత పోలిక ఉంటే కొట్టెయ్యాలో చెప్పే అంకెను కాస్త పెంచింది. ప్రోగ్రాం నోరు మూసుకుని ఆ ముక్కను ఒప్పుకుంది. ఆమె అంకెను మళ్లీ మునుపటిలా మార్చేసింది. అంతా నిమిషంలో అయిపోయింది. అందుకే ఆమెకు భయమేసింది.

"చెప్పానా, ఉంటుందని," అంటూ సీ బెషీర్ సంతకం పెట్టాడు. మర్నాడు, ఆ ముక్క సంగతి ఎవరికీ చెప్పకుండానే ఆమె గాబెస్ వ్యాన్ ఎక్కింది.

వేసవిలో చిప్పులు వచ్చాయి. ఏ రోగి పుండు నమూనా పోసినా ఆ ముక్క ఉన్న చుక్క వెలుగుతోంది. నాలుగు తోబుట్టువుల్లో ఏదో ఒకటి ఎప్పుడూ పనిలో ఉంటుంది మరి. ఒక్క జన్యువే ప్రతి రోగిలోనూ పనిచేస్తోందనుకుని సీ బెషీర్ మురిసిపోయాడు. మందుకు దారి ఇక్కడే ఉందన్నాడు. ఇద్దరు విద్యార్థులకు ఆ జన్యువునే పరిశోధనకిచ్చి, ఆ గదిలోనే కూర్చోబెట్టాడు. ఇంకో మూడు నాలుగేళ్లు వాళ్లు అక్కడినుంచి కదలరు. వాళ్ల ముందు స్కానర్లో గాజు పలక, దాని మూలన పచ్చగా వెలుగుతూ ఆ చుక్క.