ఇద్దరికీ ఒకే లాయరు

గుండీ కుడుతున్నాను. చొక్కా ఆయన ఒంటి మీదే ఉంది. విప్పి ఇవ్వమంటే ఆలస్యమైపోతోంది, ఇలాగే కుట్టెయ్ అన్నారు. ఆయన గడ్డం పైకెత్తి గోడగడియారం చూస్తూ నిలబడ్డారు, నేను మునివేళ్ళ మీద లేచి సూది గుచ్చుతున్నాను. అప్పుడన్నారు, "ఇల్లు కొనేవాళ్ళు ఖాయమయ్యారు. దగ్గర్లో ఎవరో ఒక లాయర్ని చూసిపెట్టు. ఎక్కువ ప్రశ్నలు వెయ్యనివాణ్ణి చూడు, తొందరగా తెమలాలి." నా నోట్లో దారం ఉంది. "ఊఁ" అన్నాను. పద్దెనిమిదేళ్ళుగా నేను ఊడ్చి, తుడిచి, వాన కురిసిన ప్రతిసారీ ఏ మూల చెమ్మ చేరిందో తడిమి చూసుకున్న ఇంటిని అమ్మడానికి నా ఒప్పుకోలు ఆ ఊఁతోనే అయిపోయింది.

అమ్మాలన్న ఆలోచన మా మరిదిది. అన్నదమ్ములిద్దరూ కలిసి పెద్దిల్లు కొనుక్కుంటే అందరం ఒకచోట ఉండొచ్చని ఆర్నెల్లుగా అంటున్నాడు. వాళ్ళింట్లో ఉండే మా అత్తగారు కూడా "నేను పోయేలోగా మీరంతా ఒక్క కప్పు కింద ఉంటే చూడాలని ఉంది" అని ఫోన్లో ముక్కు చీదారు. కింద వాళ్ళు, పైన మేము. మరి పైన వంటిల్లు ఉందా అని అడిగాను. "రెండెందుకు? ఒక్కటి చాలు, నువ్వున్నావుగా" అన్నారాయన. అది మెచ్చుకోలనే ఆయన ఉద్దేశం. నేనూ కాసేపు అలాగే తీసుకున్నాను, అదే నా ఖర్మ. ఇప్పుడున్న ఇంట్లో వంటగది కిటికీ కోసం మేస్త్రీతో నాలుగు రోజులు పోట్లాడాను. అక్కడ గోడ రావాలన్నాడు. నాకు వెలుతురు కావాలన్నాను. పొద్దున్నే ఆ కిటికీ ముందు నిలబడి టీ తాగే పది నిమిషాలూ నన్ను ఎవరూ పిలవరు. ఇరవై నాలుగ్గంటల్లో నావి అనుకునేవి అవే.

ఇల్లు మా ఇద్దరి పేరు మీదా ఉంది. ప్రేమ పొంగిపొర్లి పెట్టించింది కాదు. ఇద్దరి జీతాలూ చూపిస్తేగానీ బ్యాంకువాళ్ళు అప్పు ఇవ్వం అన్నారు, అంతే. "నీ పేరు కూడా వేయించాను చూశావా" అని అప్పట్నుంచీ వచ్చినవాళ్ళందరి ముందూ ఆయన చెప్పుకుంటారు. వాళ్ళు నావైపు చూసి అదృష్టవంతురాలివి అంటారు. నేను కాఫీలు తేవడానికి లోపలికి వెళ్తాను.

సరే, లాయరు. మాకున్న తీరిక అంతా నా దగ్గరే ఉన్నట్టు ఇలాంటి పనులన్నీ నావే. పాత ఇల్లు అమ్మడం, కొత్తది కొనడం రెండూ ఒకే లాయరు చూస్తే తేలిక అని, రెండిటి కాగితాలూ ఒక నీలం ఫైల్లో పెట్టి ఇచ్చారు. దాన్ని టిఫిన్ బాక్సు పక్కన బ్యాగులో పెట్టుకుని ఎనిమిది రోజులు తిరిగాను. నేను చేసేది ఆసుపత్రిలో, ఆపరేషన్ల కౌంటరు దగ్గర. ఆపరేషన్‌కి ముందు మనుషుల చేత ఒప్పుదల కాగితం మీద సంతకం పెట్టించడం నా పని. "చదివి పెట్టండమ్మా" అని రోజుకి నలభైసార్లు అంటాను. ఆడవాళ్ళు కాగితం వైపు చూడరు, పక్కనున్న మొగుడి వైపు చూస్తారు. అతను తలూపితే పెడతారు. ఎంత వెర్రిబాగులవాళ్ళు అనుకునేదాన్ని. మా సూపర్‌వైజర్‌ని ఒక గంట పర్మిషన్ అడిగితే, "ఇల్లు అమ్మడానికి మీరు తిరగడం ఏంటండీ, సార్ లేరా?" అన్నాడు. సార్ ఉన్నారు, గంట ఖాళీ లేదు అని చెప్పాను. చివరికి భోజనం టైమ్‌లో వెళ్ళి రమ్మన్నాడు. అలా వారం పైన మధ్యాహ్నం తిండి మానేసి కాళ్ళరిగేలా తిరిగాను.

మొదటి లాయరుది మెయిన్ రోడ్డు మీద ఆఫీసు, తలుపు కంటే బోర్డు పెద్దది. నేను కూర్చోగానే, "సార్ రాలేదా?" అన్నాడు. రాలేదన్నాను. నంబరు అడిగి నా ఎదురుగానే ఆయనకి ఫోన్ చేశాడు. ఫ్యాను వైపు చూస్తూ పది నిమిషాలు మాట్లాడాడు. "ఆ, మేడమ్ గారు ఇక్కడే ఉన్నారు. ఏం పర్లేదు, కూర్చోబెట్టాం" అన్నాడు. రెండో అతను కుర్రవాడు, మర్యాదస్తుడే. "మీరేమీ చదవక్కర్లేదు మేడమ్, సంతకం పెట్టాల్సిన చోటల్లా పసుపు చీటీలు అంటించేస్తాం. ఐదు నిమిషాల పని" అన్నాడు. ఇంటికొచ్చి చెబితే మా ఆయనకి అతను తెగ నచ్చాడు. "అతనే మనవాడు. ఇంక వెతకడం దేనికి?" అన్నారు. నిజానికి నాకూ ఓపిక లేదు. కానీ ఆ పసుపు చీటీల మాట ఎందుకో మింగుడుపడలేదు. ఇంకొక లాయరమ్మ ఉందట, ఆవిణ్ణి కూడా చూసి చెబుతానన్నాను. "నీకు ప్రతిదీ సాగదీయడం అలవాటు" అన్నారాయన, టీవీలోంచి తల తిప్పకుండా.

మూడో ఆఫీసు కళ్ళజోళ్ళ షాపు పైన. ఒకటే గది. లాయరమ్మకి నా వయసే ఉంటుంది, యాభై దాటి ఉంటాయి. జుట్టుకి రంగు వెయ్యలేదు. సార్ ఏరీ అని అడగలేదు. ఫైలు తీసుకుని ఒకసారి తిరగేసి, మళ్ళీ నావైపే తిప్పి పెట్టింది.

"పైకి చదవండి," అంది.

"నేనా?"

"సంతకం పెట్టేది మీరేగా. నా దగ్గర ఇదే పద్ధతి. పెట్టేవాళ్ళు చదవాలి, నేను వింటాను. అర్థం కానిచోట ఆగండి, చెప్తాను."

నవ్వొచ్చింది. స్కూల్లో టీచరు లేపి చదవమన్నట్టు గొంతు సవరించుకున్నాను. పాత ఇంటిది చదివాను: ఇన్ని గదులు, ఇంత జాగా, అమ్మేవాళ్ళు ఆయనా, నేనూ. వంటగది కిటికీ గురించి ఏమీ లేదు, ఎందుకుంటుంది? తర్వాత కొత్త ఇంటి ఒప్పందం తీశాను. కొనేవాళ్ళు అని ఉన్నచోట ఆయన పేరు చదివాను. కింద మా మరిది పేరు చదివాను. ఆ ఊపులోనే నా పేరు కోసం చూశాను. లేదు. పక్క పేజీలో ఉంటుందని తిప్పాను. అక్కడ నీళ్ళ పైపుల సంగతి ఉంది. మళ్ళీ వెనక్కి తిప్పాను.

"ఆగారేం? ఏదైనా అర్థం కాలేదా?" అందావిడ.

"అర్థమైంది," అన్నాను.

నాకు కోపం రాలేదు. వచ్చుంటే బాగుండేది. ఏడుపొచ్చింది, అదీ ఆయన చేసిన పనికి కాదు. ఆయన ఆ కాగితాన్ని దాచలేదు. స్వయంగా ఫైల్లో పెట్టి నా చేతికిచ్చారు. పొద్దున్నే "ఫైలు తీసుకున్నావా" అని గుర్తు కూడా చేశారు. మోసం చేసేవాడు కనీసం భయపడతాడు. ఎక్కడ చూస్తుందో, ఏమంటుందో అని ఒక సందేహమైనా ఉంటుంది. ఇక్కడ అదీ లేదు. ఇరవై ఆరేళ్ళ కాపురంలో నేను చదువుతానేమోనన్న అనుమానం కూడా నాకు దక్కలేదు. ఆయన నమ్మకాన్ని ఎనిమిది రోజులూ వమ్ము చెయ్యలేదు నేను, రోజంతా జనానికి చదవమని చెప్పి, నా బ్యాగులో ఉన్నదాన్ని విప్పి చూడలేదు. అలసట అనుకోవచ్చు. నిజం చెప్పాలంటే అలసటేం కాదు, మా కౌంటరు దగ్గర ఆడవాళ్ళలాగే నేనూ పక్కకి చూసి బతికాను.

లాయరమ్మ ఒక గ్లాసు నీళ్ళు నా ముందుకు జరిపింది. ఓదార్చలేదు. అందుకు ఆవిడకి ఎప్పటికీ రుణపడి ఉంటాను.

"ఒకటి చెప్పండి," అంది. "ఈ వ్యవహారంలో మీ మేలూ, మీ ఆయన మేలూ ఒకటేనా?"

"అంటే?"

"ఒకటైతే ఇద్దరి తరఫునా నేనే చూస్తాను. కాదంటే నేను ఒక్కరికే లాయర్ని, రెండోవాళ్ళు ఇంకొకర్ని పెట్టుకోవాలి. ఇది నా మొండితనం కాదు, మా వృత్తిలో కట్టుబాటు. ముందే తేల్చుకోవాలి. మీరు సంతకం పెట్టకపోతే ఆ ఇల్లు అమ్ముడుపోదు, అదైతే మీకు తెలుసు కదా?"

తెలుసు. తెలియనిదేం కాదు. కానీ ఆ మాటని ఎవరూ నాతో నా బలంగా చెప్పలేదు. "నువ్వొచ్చి సంతకం పెట్టాలి, సెలవు పెట్టుకో" అనే విన్నాను.

ఒకటే అని చెప్పాలని ఎంత అనిపించిందో! ఆయన చెడ్డమనిషి కాదు. ఆరేళ్ళ కింద నాకు గర్భసంచి తీసేసినప్పుడు మూడు రోజులు వరండాలో బల్ల మీదే ఉన్నారు. ఇంటికొచ్చాక నాకు జుట్టు దువ్వారు, చిక్కు తియ్యడం రాక కళ్ళలో నీళ్ళు తెప్పించారనుకోండి. ఆ ఆపరేషన్ కాగితం మీద సంతకం కూడా ఆయనే పెట్టారు. నేను పక్కనే ఉన్నాను, స్పృహలోనే ఉన్నాను, మా కౌంటరే, మా కాగితమే. నా కొలీగ్ పెన్ను ఆయనకిచ్చింది. నాకేమీ అనిపించలేదు, పైగా హాయిగా అనిపించింది. ఇన్నాళ్ళూ నేను ప్రేమ అనుకున్నదానిలో ఆ హాయి వాటా ఎంతో, నిజంగా ప్రేమ ఎంతో ఆ గదిలో కూర్చుని విడదీయబోయాను. చేతకాలేదు. ఎవరికైనా చేతనవుతుందా అని ఆవిడని అడగాలనిపించింది. ఇదేమైనా లాయర్ని అడిగే ప్రశ్నా?

కింద షాపులో ఎవరికో కళ్ళ పరీక్ష జరుగుతోంది, అక్షరాలు ఒక్కొక్కటే చదువుతున్న గొంతు మెట్ల మీదుగా వినిపిస్తోంది. లాయరమ్మ తొందరపెట్టలేదు. గడియారం కూడా చూడలేదు. నా భోజనం టైమ్ ఎప్పుడో అయిపోయింది.

"కాదండీ," అన్నాను. "ఒకటి కాదు."

అని తల వంచుకున్నాను, ఎవరికో ద్రోహం చేసినట్టు. ఆవిడ ఒక కాగితం నింపి నా ముందు పెట్టింది. ఆవిడ నా ఒక్కదాని తరఫున పనిచేస్తుందని దాన్లో ఉంది. పెన్ను తీశాను. పైకి చదివాను, మొదటినుంచి చివరిదాకా, నా పేరు వచ్చినచోట ఆగిపోయాను. మళ్ళీ ఆ వాక్యం మొదట్నుంచి చదివి సంతకం పెట్టాను.

ఆసుపత్రికి ఫోన్ చేసి ఈ పూటకి ఇంక రానని చెప్పాను. సూపర్‌వైజర్ ఏదో గొణుగుతుంటే పెట్టేశాను. నడిచే ఇంటికి వచ్చాను. దారంతా ఏడుస్తూనే ఉన్నాను, ఎదురొచ్చినవాళ్ళు తప్పుకున్నారు. ఆయనకి ఏం చెప్పాలో నాలుగు రకాలుగా అనుకున్నాను. ఎందుకిలా చేశారని అడగాలనుకున్నాను. మర్చిపోయానంటారని తెలుసు, తర్వాత చేర్పిద్దాంలే అంటారని తెలుసు. నాలుగూ వదిలేశాను.

మధ్యాహ్నం మూడయింది. తలుపు తీసే ఉంది. అన్నదమ్ములిద్దరూ టేపు పట్టుకుని మా మంచాన్ని కొలుస్తున్నారు, కొత్త ఇంటి మెట్ల మలుపులో పడుతుందో లేదోనని. ఆయన సగం రోజు సెలవు పెట్టారట.

"వదినా, మీ బీరువా మాత్రం పైకి ఎక్కదు," అన్నాడు మరిది నవ్వుతూ. "ఇక్కడే వదిలెయ్యాలి."

"ఇంత తొందరగా వచ్చావేం?" అన్నారాయన. "మంచిదేలే, కాస్త టీ పెట్టు. లాయరు సంగతి ఏమైంది? ఆవిడ కుదిరిందా, ఆ కుర్రాడికే చెప్పెయ్యనా?"

"కుదిరింది," అన్నాను.

"అమ్మయ్య. ఎప్పుడు రమ్మంది మనల్ని?"

చెప్పులు విప్పాను. బ్యాగులోంచి ఫైలు తీశాను. కొత్త ఇంటి కాగితాలు విడిగా తీసి మంచం మీద, టేపు పక్కన పెట్టాను. పాత ఇంటివి నా దగ్గరే ఉంచుకున్నాను. ఆయన ఆ కాగితాల వంకా నా మొహం వంకా మార్చి మార్చి చూశారు. ఏడ్చి ఉన్నానని కనిపెట్టారనుకుంటా, "ఏమైంది?" అని నిజమైన కంగారుతోనే అడిగారు. ఆ గొంతు విని మళ్ళీ వెనక్కి తగ్గబోయాను.

"ఆవిడ ఒకరి తరఫునే చూస్తుందట," అన్నాను. "నా తరఫున ఒప్పుకుంది. మీ లాయర్ని మీరు వెతుక్కోవాలి."