చాటు పోచమ్మ వెలుగు

కొత్తవాడలో పొద్దు మగ్గాల చప్పుడుతోనే మొదలవుతుంది. గట్టయ్య మగ్గం గుంటలోకి కాళ్లు దించి జంపఖానా నేస్తుంటాడు. కూతురు సోమక్క రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతుంటుంది. గట్టయ్య తల్లి సమ్మమ్మ అందరికీ పనులు పురమాయిస్తుంటుంది, ఆమె పని అదే. ఇంజనీరింగ్ చదివే గట్టయ్య కొడుకు సారంగపాణి, అందరికీ పాణి, ఆదివారం పూట హాస్టల్ నుంచి మాసిన బట్టలూ, వారం నాటి ఆకలీ వెంటబెట్టుకుని దిగుతాడు.

ఎనభైల మొదట్లో, ఒక ఎండాకాలం ఆదివారం, అతను ఒక ఆట కూడా పట్టుకొచ్చాడు.

బొంబాయి దోస్తు దగ్గర జిరాక్స్ తీసుకున్న ఇంగ్లీషు కాగితాలవి. పలక లేదు, పావులు లేవు. ఒకరు కథ చెబుతూ పోవాలి, మిగిలినవాళ్లు ఆ కథలో తలా ఒక వేషం కట్టి ఏం చేస్తారో నోటితో చెప్పాలి. సందేహం వస్తే పాచికలు వెయ్యాలి. ఆ పాచికలు వరంగల్‌లో ఎక్కడా దొరకవు కాబట్టి పచ్చీసు గవ్వలు దించారు. పక్కింటి జయరాజు, లారీ షెడ్డులో మెకానిక్కు, దొంగ వేషం తీసుకున్నాడు. సోమక్క విల్లు పట్టుకుంది, విలుకత్తెకు మాటలతో పని తక్కువని.

సోమక్కకు నత్తి. గోడ అవతల ఉన్న జయరాజు భార్య లిదియాతో గంటల తరబడి గలగలా మాట్లాడుతుంది. అదే లిదియా గోడ చుట్టి వచ్చి ఎదుట కూర్చుంటే మొదటి అక్షరం దగ్గరే ఆగిపోతుంది. అలాంటి పిల్లకు టెలిఫోన్ ఆపరేటర్ కావాలని కోరిక. ఒకసారి ఇంటర్వ్యూకు వెళ్లి, పేరు కూడా చెప్పలేక ఏడ్చుకుంటూ వచ్చింది. ఇప్పుడు మళ్లీ పిలిచారు. వయసు హద్దు దాటిపోతోంది, ఇది పోతే ఇంక లేదు. బతుకంతా కండెలే.

పూజారి వేషం సమ్మమ్మకు వచ్చింది.

"ఏ దేవునికిరా నేను పూజారిని?" అంది.

"ఏ దేవుడైతేంది నాయ్నమ్మా? మంత్రాలు అందరికి ఒక్కతీరే రాసిండ్రు. వెలుగిచ్చుడు, గాయం మాన్పుడు, నిప్పులు కురిపిచ్చుడు."

"ఒక్కతీరు ఎట్లిస్తరురా? ఎల్లమ్మ ఇచ్చినట్టు మల్లన్న ఇస్తడా? మీ నాయిన పెట్టినట్టే నేను అన్నం పెడ్తనా?"

ఆ ప్రశ్న పాణికి భలే నచ్చింది. ఏదైనా విప్పి లోపల చూడందే నిద్రపట్టని మనిషి అతను. ఇంట్లో రేడియో మూడుసార్లు పాడైంది అందుకే.

సమ్మమ్మ తన పుట్టినూరి అమ్మవారిని ఎంచుకుంది. పరకాల అవతల ఆ ఊళ్లో ఒక పెద్ద రాతిగుండు, దాని వెనుక చాటు పోచమ్మ. అమ్మకు మహా సిగ్గు. ఆమె ముఖం చూసినవాళ్లు ఆ ఊళ్లో లేరు. బోనం ఎత్తుకున్న ఆడవాళ్లు గుండు దగ్గరపడగానే వెనక్కి తిరిగి, వెనకడుగులతోనే వెళ్లి, చూడకుండా దించి వచ్చేస్తారు. అమ్మకు వీపు చూపించడమే అక్కడ మర్యాద. చిన్నప్పుడు పాణి ఒకసారి తొంగిచూడబోతే సమ్మమ్మ చెంప పగలగొట్టింది. చూడాలన్న కోరిక మాత్రం చెంపదెబ్బతో పోలేదు.

ఆ మధ్యాహ్నమంతా ఇద్దరూ కూర్చుని అమ్మ గుణానికి తగ్గట్టు మంత్రాలు మార్చారు. నిప్పుల వాన తీసేశారు. చాటు పోచమ్మకు కోపమొస్తే నిప్పులు కురిపించదు, శత్రువు వీపు వెనుక పొయ్యి మీద కూర మాడుస్తుంది. చచ్చినవాళ్లను లేపే మంత్రం సమ్మమ్మ కొట్టేయించింది.

"అంతమంది ఏడ్చే కాడికి ఆమె రాదు, సిగ్గుపడ్తది."

"మరి గుహల చీకటైతే వెలుగు?"

"ఇస్తది. ముంగట కాదు, వీపెనుక."

గవ్వలు వేశారు. సరిగ్గా పడ్డాయి. పాణి కథలో, గుహలో ఉన్నవాళ్ల వీపుల వెనుక నుంచి వెలుగొచ్చింది.

ఆ సాయంత్రం వాడకు కరెంటు పోయింది. గట్టయ్య ఇంట్లో మాత్రం ప్రతి మనిషి వీపు వెనుకా మెత్తటి వెలుగు నిలబడింది. తిరిగి చూస్తే ఉండదు, చూడకపోతే ఉంటుంది. బియ్యం ఏరడానికి బాగుందని వాడలోని ఆడవాళ్లు చాటలు పట్టుకుని వచ్చి కూర్చున్నారు. కిరోసిన్ మిగిలిందని గట్టయ్య సంతోషించాడు.

మరుసటి ఆదివారం కథలో దొంగ కాలికి బాణం తగిలింది. జయరాజుకు నిజంగానే మడమ మీద ఇనుము కోసుకున్న పుండు ఉంది, నెల నుంచి మానడం లేదు.

"అందరు అటు తిరుగుండ్రి," అంది సమ్మమ్మ గవ్వలు ఊపుతూ.

తిరిగారు. జయరాజు మాత్రం ఉండబట్టలేక ఓరకంట చూశాడు. పుండంతా మానింది, అతని చూపు పడిన చోట కందిగింజంత మిగిలిపోయింది.

"జర ఆగలేకపోయినవా, జయరాజు?"

"నా కాలు నేను చూసుకోవద్దా అవ్వా?" అన్నాడు జయరాజు, మిగిలిన పుండుకు పసుపు రాసుకుంటూ.

ఇంటర్వ్యూ ముందటి ఆదివారం సోమక్క గవ్వలను నాయనమ్మ ముందుకు తోసింది. ఏమీ అడగలేదు. అడగాల్సిన పని లేదు.

"కాయిదంల నత్తికి మంత్రం లేదు," అన్నాడు పాణి.

"లేకుంటే మనం అల్లుదాం. కానీ బిడ్డా, సిగ్గుపడే అమ్మ మాటలెట్ల ఇస్తది? ఆమెకే మాటలు రావు."

పాణి ఆలోచించాడు. "నత్తి తీసెయ్యది నాయ్నమ్మా. నలుగురి ముంగట మాట్లాడుడు ఆమెకు తెలిసిన పని కాదు. తనకున్నదే ఇస్తది. చాటు ఇస్తది."

గవ్వలు పడ్డాయి. అన్నీ వెల్లకిలా పడ్డాయి, అంతకంటే మంచి పందెం లేదు. ఆ సంబరంలో అందరూ మతి మరిచారు. నాయనమ్మ, పాణి, జయరాజు, మగ్గం దిగి వచ్చిన గట్టయ్య, గోడ చుట్టి వచ్చిన లిదియా, అందరూ సోమక్క చుట్టూ కూర్చుని ఆమె నోట్లోకే చూశారు.

"మాట్లాడు బిడ్డా!"

అన్ని కళ్లు ఒక్క నోటి మీద పడితే ఏమవుతుంది? ఎప్పుడూ వచ్చే మొదటి అక్షరం కూడా రాలేదు. సోమక్క లేచి వెళ్లి రాట్నం ముందు కూర్చుంది. తెల్లారేదాకా ఆ ఇంట్లో ఎవరూ ఆమె వైపు చూడలేకపోయారు, సిగ్గుతో.

ఇంటర్వ్యూ రోజు పాణి తోడు వెళ్లాడు. వరండాలో కిటికీ పక్కనే నిలబడి, బుద్ధి తెచ్చుకుని, కిటికీకి వీపు పెట్టాడు.

లోపల ముగ్గురు ఆఫీసర్లు. నడుమ ఉన్న పెద్దాయన మంచివాడే.

"పేరేంటమ్మా?"

"సో... సో..."

"తొందరేం లేదు. మంచినీళ్లు తాగు."

ఆయన జాలి కూడా ఆమెకు అడ్డమే పడింది. కాసేపు చూసి ఆయన పక్కవాళ్ల ముఖం చూశాడు. ఇక పంపేద్దామనే చూపు అది, సోమక్కకు తెలుసు. పోయినసారి చూసింది.

సోమక్క లేచింది. తలుపు వైపు వెళ్లలేదు. చిన్నప్పుడు నాయనమ్మ కొంగు పట్టుకుని వెనకడుగులు వేసిన దారి గుర్తొచ్చింది. కుర్చీని తిప్పి, ఆఫీసర్లకు వీపు పెట్టి, గోడ వైపు ముఖంతో కూర్చుని కళ్లు మూసుకుంది.

"ఇదేం మర్యాదమ్మా?" అన్నాడు ఒకాయన.

అంతలో ముగ్గురి నీడలూ వాళ్ల ముందున్న బల్ల మీద పడ్డాయి. వెనుక ఏదో వెలుగు. ముగ్గురూ ఒకేసారి వెనక్కి తిరిగారు. అక్కడ ఏమీ లేదు, వరంగల్ జిల్లా పటం తప్ప. ఇప్పుడు వాళ్ల నీడలు ఆ పటం మీద పడ్డాయి. వాళ్లు అలాగే పటం వైపు చూస్తూ ఉండిపోయారు.

"నమస్కారం. నంబర్ చెప్పండి," అంది వాళ్ల వెనుక నుంచి ఒక గొంతు.

ఎక్కడా తడబాటు లేదు. పెద్దాయన వెనక్కి తిరగలేదు. ఎందుకో తిరగాలనిపించలేదు. పటం మీది తొర్రూరు చుక్క ఆయన కంటపడింది. చేతిని ఫోనులా చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"హలో, తొర్రూరు నుంచి మాట్లాడుతున్నా. మా తమ్ముణ్ని వరంగల్ దవాఖానలో చేర్చారట. కలుపమ్మా, తొందరగా."

"కలుపుతున్నాను. లైను రద్దీగా ఉంది, ఒక్క నిమిషం."

"హలో? ఉన్నావా అమ్మా? వాడికెట్లుందో ఏమో..."

"ఉన్నాను. ఫికర్ చెయ్యకండి. అవతల ఎత్తేదాకా నేను లైన్లోనే ఉంటాను."

"సరే తల్లీ," అన్నాడు పెద్దాయన. తనకు తమ్ముడే లేడన్న సంగతి ఆయనకు కాసేపటికి గానీ గుర్తు రాలేదు. ముగ్గురూ పటం వైపు చూస్తూనే ఆమెను ఎంపిక చేశారు.

వానలు మొదలయ్యాక పాణి కాజీపేటలో పోస్టాఫీసు బూత్‌లోకి వెళ్లి, ట్రంకు కాల్ అడిగే నంబరు తిప్పాడు. అటు ఎవరుంటారో తెలుసు.

"నమస్కారం. నంబర్ చెప్పండి."

అతను నంబర్ చెప్పలేదు. "అక్కా, నేనే," అన్నాడు.

"పాణీ! నేను డ్యూటీల ఉన్న రా. తిన్నవా? ఇయ్యాల పొద్దుగాల ఒకామె..." అని సోమక్క మొదలుపెట్టింది. ఇక ఆగలేదు. పుట్టి బుద్ధెరిగాక అక్క తనతో ఇన్ని మాటలు ఒక్కసారిగా మాట్లాడటం పాణికి ఇదే మొదలు.

అప్పుడు బూత్ గోడ మీద అతని నీడ పడింది. వీపుకు వెచ్చగా తగిలింది. వెనుక, చెయ్యి చాపితే అందేంత దగ్గర, ఎవరో నిలబడ్డారు. చిన్నగా నవ్వు వినిపించింది, ఎవరూ చూడటం లేదనుకున్నప్పుడు ఆడపిల్లలు నవ్వే నవ్వు.

చెంపదెబ్బ తిన్న నాటి నుంచి అతను చూడాలనుకున్నది అక్కడే ఉంది. మెడ కాస్త తిప్పితే చాలు.

"...వింటానవారా?" అంది సోమక్క.

"వింటాన అక్కా, చెప్పు," అన్నాడు పాణి, కళ్లు గట్టిగా మూసుకుని.